టన్నుల్లో కొలిచినవాళ్లం

భిలాయి తెలుగువాళ్లం ఉక్కును నమ్ముకుని బతికినవాళ్లం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెల నుంచి మన తండ్రులు, తాతలు ఇటు రైలెక్కింది ఉక్కు కోసమే. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. మన పిల్లల చదువులు, ఇంట్లో జరిగిన పెళ్లిళ్లు, సొంతూళ్లో కట్టుకున్న ఇళ్లు అన్నీ ఆ కొలిమి చలవే. దేశం నలుమూలలా పరిచిన రైలు పట్టాలు మన చేతుల మీదుగా వెళ్లాయి. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల రూపొందించిన ఉక్కుతో విక్రాంత్ యుద్ధనౌకను కట్టారు. దానికి పలకలు అందించిన ప్లాంట్లలో మనదీ ఒకటి. ఈ మాటలు ప్రతి సభలోనూ చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం.

సభల్లో చెప్పుకోని మాట ఒకటుంది. ఇరాన్, అరబ్బు దేశాల వీరులు ప్రాణంలా చూసుకున్న ఖడ్గాలకు మన తెలంగాణ పల్లెల నుంచి కూడా ఉక్కు ముద్దలు వెళ్లాయి. ఆ ఉక్కుకు వారసులం మనం. ఉక్కు ప్లాంటులో జీవితాలు గడిపినవాళ్లం. అయినా పాత కత్తి ఒకటి ఇంట్లో బయటపడితే అది ఏమిటో, ఎక్కడిదో, ఎన్నాళ్లదో చెప్పగలిగే మనిషి మనలో ఒక్కడూ తయారవలేదు. తయారు కావాలన్న ఆలోచన కూడా మనకు రాలేదు. ఈ తప్పును ఎవరో ఒకరి మీదకు నెట్టడానికి లేదు. నేను కూడా ఆ గుంపులో నిలబడ్డవాణ్నే కాబట్టి ‘మనం’ అనే రాస్తున్నాను.

ఒక కత్తి సంగతి చెబుతాను. రిటైరైన ఒక కుటుంబం క్వార్టర్ ఖాళీ చేస్తోంది. వాళ్లది విజయనగరం వైపు. తాతగారు కత్తిసాము నేర్చినవారట. అటక మీద పాత చీరలో చుట్టిన కత్తి దొరికింది. మూరెడున్నర పైనే పొడవు, కొంచెం వంపు. ఇనుప పిడి, దాని చివర గుండ్రటి బిళ్ల, బిళ్ల మధ్యలో చిన్న బుడిపె. ఏళ్ల తరబడి దసరా పూజల్లో పెట్టిన పసుపు కుంకుమలు తుప్పుతో కలిసి పెచ్చులు కట్టి ఉన్నాయి. చుట్టూ చేరినవాళ్లలో ఫిట్టర్లున్నారు, రోలింగ్ మిల్లులో చేసినవాళ్లున్నారు, మెటలర్జీ చదివినవాళ్లం ఉన్నాం.

ఒకరు ఎమరీ కాగితంతో రుద్దారు. పిడికి దగ్గర అరచేయి మేర సన్నటి వంకర గీతలు తేలాయి, ముదురు బూడిద మీద లేత బూడిద. తుప్పు తినేసిన మరకలనుకున్నాం. వీధి చివర వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి గ్రైండర్ పెట్టించాం. రవ్వలు పొట్టిగా, గుబురుగా, కొసన చిట్లుతూ లేచాయి. రవ్వను చూసి ఉక్కులో కార్బన్ ఎంతుందో అంచనా కట్టడం మనకు చేయి తిరిగిన పని. మెత్తటి ఇనుముకు రవ్వలు పొడుగ్గా, చీలకుండా సాగుతాయి. కార్బన్ పెరిగేకొద్దీ పొట్టిబడి గుబురుగా పగులుతాయి. ఆ రవ్వలు మన కళ్లముందే తమ సంగతి చెప్పాయి. మనం పట్టించుకోలేదు. కత్తి తళతళలాడింది. గీతలు కనిపించకుండా పోయాయి. ఆ కుదుపుకు పిడిలోని పాత లక్క పొడిపొడిగా రాలి పిడి ఊడింది. ఇంక ఎందుకీ బరువని కబాడీవాడికి వేశారు. పాత కూలర్ రేకు, సైకిల్ రిమ్ములు, కత్తి అన్నీ కలిపి ఒకటే తూకం. అక్కణ్నుంచి ఉర్లా, సిల్‌తరా వైపు ఏ ఇండక్షన్ ఫర్నేస్‌కో చేరి, ఇప్పుడు ఎవరి ఇంటి శ్లాబులోనో ఇనుప చువ్వ అయి ఉంటుంది.

ఆ కత్తి ఏ ఉక్కుదో ఈ రోజు ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగే ఆధారాన్ని మన చేతులతో మనమే అరగదీసి తూకానికి వేశాం.

ఆ గీతల విలువ ఏమిటో తెలియాలంటే నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరు తెలిసి ఉండాలి. లాంబ్టన్ నడిపిన దేశపు భూమి కొలతల సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వాయ్సీ అక్కడి ఉక్కు తయారీని చూసి రాసుకున్నాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆ వివరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మిర్ట్‌పల్లి, కొండాపూర్ అని ఆయన రాసిన రెండు ఊళ్ల ఇనుమును మూడుకు రెండు పాళ్లలో కలిపేవారు. ఆ ముక్కలను గాజుతో కలిపి మట్టి మూసల్లో పెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఊదుతూ కరిగించేవారు. మూసలను నెమ్మదిగా చల్లార్చి పగలగొడితే ముప్పావు కిలోకు కాస్త తక్కువ బరువున్న ఉక్కు బిళ్ల వచ్చేది. దాని మీద మట్టి పూసి మళ్లీ మళ్లీ కాచి దారికి తెచ్చేవారు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వ్యాపారి ఆ ఊళ్లోనే మకాం వేసి, తూకం దగ్గరా పరీక్ష దగ్గరా నిలబడి సరుకు కొంటుండగా వాయ్సీ చూశాడు. ఇలాంటి ఉక్కును ఇరాన్‌లో తయారుచేయాలని చూసినా సాధ్యం కాలేదని ఆ వ్యాపారే చెప్పాడట. అంతకు నూట యాభై ఏళ్ల ముందే ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే గోల్కొండ రాజ్యపు ఉక్కు గురించి రాశాడు. అలల గీతలు తేలే కత్తులకు పనికొచ్చేది ఆ ఉక్కేనన్నాడు.

ఆ ఉక్కు కోసం లోకం ఎంత తపించిందో చూడండి. 1795లో లండన్‌లో జార్జ్ పియర్సన్ దాన్ని పరీక్షించి రాయల్ సొసైటీకి పత్రం సమర్పించాడు. కమ్మరి కొడుకు మైకేల్ ఫారడే విద్యుత్తు జోలికి పోకముందు 1819లో దాన్ని విశ్లేషించాడు. రష్యాలో ఉరల్ పర్వతాల దగ్గర జ్లాతౌస్త్ ఆయుధ కర్మాగారంలో పావెల్ అనోసోవ్ ఏళ్ల తరబడి మూసలు కాల్చి, తూర్పు దేశాల ఖడ్గాల్లోని గీతలను తన ఉక్కులో రప్పించి 1841లో పుస్తకం ప్రకటించాడు. అదే ఉరల్ ప్రాంతపు ఉరల్‌మాష్ యంత్రాలతో మన భిలాయి లేచింది. 1955 ఒప్పందం తర్వాత రష్యన్ ఇంజినీర్లు ఇక్కడికి వచ్చి మనకు పని నేర్పారు. వాళ్లతో కలిసి చాయ్ తాగాం, నాలుగు రష్యన్ మాటలు నేర్చుకున్నాం, పిల్లలకు రష్యన్ పేర్లు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ‘మీ అనోసోవ్ వెతికిన ఉక్కు మా తెలుగు నేలది’ అని ఒక్కరం కూడా చెప్పలేకపోయాం. చెప్పాలంటే ముందు తెలియాలి కదా. ఉక్కు తయారీ పద్ధతికి పేరుపడ్డ బెస్సిమర్ కథను పరీక్షల కోసం బట్టీపట్టిన మనకు కోనసముద్రం ప్రశ్నగా రాలేదు. ప్రశ్నపత్రంలో రానిదాన్ని మనం చదువుగా లెక్కపెట్టలేదు.

ఆ తర్వాతా పరిశోధన ఆగలేదు, మనం కలవలేదు. పాత కత్తుల్లోని గీతలకు వెనేడియం లాంటి మూలకాల జాడ కారణమని అమెరికాలో జాన్ వెర్‌హోవెన్, కత్తులు చేసే ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి 1998లో చూపారు. ఒక శాస్త్రవేత్త, ఒక కమ్మరి పక్కపక్కన కూర్చుని చేసిన పని అది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ మ్యూజియంలో ఉన్న 17వ శతాబ్దపు ఖడ్గంలో కార్బన్ నానోట్యూబులున్నాయని జర్మనీలోని డ్రెస్డెన్ బృందం 2006లో ప్రకటించింది. మన దేశంలో శారదా శ్రీనివాసన్, ఎస్. రంగనాథన్ 2004లో ఈ ఉక్కు మీద పుస్తకం తెచ్చారు. ఎస్. జైకిషన్ ఉత్తర తెలంగాణ పల్లెల్లో తిరిగి ఇనుప చిట్టెం గుట్టలను, మూసల పెంకులను నమోదు చేశారు. వాళ్లు ఆ పనులు చేస్తున్నప్పుడు వేలమంది ఉక్కు మనుషులం మనం ఎక్కడున్నాం? నెలవారీ ఉత్పత్తి ఎన్ని టన్నులో లెక్క చూసుకుంటున్నాం.

పాత కత్తిని గుర్తుపట్టడం మంత్రవిద్య కాదు. ఓపిక పడితే మనలో ఎవరైనా నేర్చుకోగలిగిన విద్య. పిడికీ అలుగుకీ వేర్వేరు చరిత్రలుంటాయన్నది మొదటి పాఠం. గుండ్రటి బిళ్లతో ముగిసే ఇనుప పిడి తల్వార్‌ది. వెడల్పుగా, నిటారుగా ఉండి పిడి చివర పొడవాటి ములుకు ఉంటే ఖండా. బాగా వంగి, సన్నబడుతూ మొనకు పోయేది, పిడి కొస ఒక పక్కకు తిరిగేది ఇరానీ షంషీర్. పిడికిలి బిగించి అడ్డంగా పట్టుకుని పొడిచేది కటారు. వీపు మందంగా ఉండి, ఇనుప గొలుసు కవచాన్ని చీల్చడానికి మొన సన్నబడేది పేష్‌కబ్జ్. నడుము ముందు భాగంలో ఒరతో సహా కట్టుకునే వంకర బాకు అరబ్బుల జంబియా. యూరప్‌లో చేసిన నిటారు అలుగుకు మన పిడి తొడిగితే దాన్ని ఫిరంగీ అన్నారు. అలుగు మీద తోడేలు గుర్తు కనిపిస్తే జర్మనీ వైపు చూడాలి. అలాగే మన ఉక్కుతో చేసిన అలుగు అరబ్బు పిడిలోనో, తుర్కీ పిడిలోనో దొరకవచ్చు.

తర్వాత ఉక్కును చూడాలి. రెండు రకాల ఇనుము పొరలను కలిపి సాగగొట్టిన కత్తిలో గీతలు ఒక క్రమంలో తిరిగి తిరిగి వస్తాయి. మూసలో పుట్టిన ఉక్కులో గీతలు లోపలి నుంచే తేలతాయి, ఏ రెండు చోట్లా ఒకేలా ఉండవు. ఈ రోజు బజారులో డమాస్కస్ పేరుతో అమ్మే కత్తులన్నీ దాదాపు మొదటి రకమే. అలుగు మీద ఇస్ఫహాన్ కమ్మరి అసదుల్లా పేరు ఉన్నంత మాత్రాన నమ్మడానికి లేదు. ఆ పేరు తర్వాతి కాలాల్లో ఎందరో చెక్కుకున్నారు. పిడిలోని పాత లక్క, ఒర మీది తోలు, చీలిన చెక్క అన్నీ సాక్ష్యాలే. లక్క తీసేసి ఎం-సీల్ పెట్టినవాడు ఒక సాక్షిని చంపినట్టే. మైక్రోస్కోప్, గట్టిదనం కొలిచే యంత్రం, కార్బన్ లెక్క, ఇవన్నీ రోజూ వాడే మనకంటే ఈ విద్య ఎవరికి సులువు? ఇంగ్లిష్‌లో విల్బ్రహం ఎగర్టన్ 1880లోనే భారతీయ ఆయుధాల మీద సచిత్ర గ్రంథం తెచ్చాడు. రిచర్డ్ బర్టన్ 1884లో ఖడ్గం చరిత్ర రాశాడు. జాతీయ మ్యూజియంలో పనిచేసిన జి.ఎన్. పంత్ సంపుటాలు వెలువరించారు. ఉక్కు తెలిసిన తెలుగువాడు తెలుగులో రాసిన ఆ స్థాయి పుస్తకం నేను చూడలేదు. రాయగలిగిన అనుభవం మన దగ్గరే ఉంది, అందుకే ఈ లోటు మన లెక్కలోనే పడాలి.

ఆదోని సంగతి తలుచుకుంటే ఇంకా సిగ్గేస్తుంది. 1680ల చివర ఔరంగజేబు సేనలు కర్నూలు సీమలోని ఆదోని కోటను పట్టుకున్నాయి. ఆ సేనల్లో ఉన్న బికనీర్ మహారాజు అనూప్‌సింగ్ ఆ కోటలోని ఆయుధాలను తన రాజ్యానికి తరలించాడు. అక్కడి ఆయుధశాల గుమాస్తాలు వస్తువు మీదే చుక్కలు చుక్కలుగా పొడిచి, అది ఆదోని నుంచి వచ్చిందని నాగరి లిపిలో రాసిపెట్టారు. ఆ చుక్కల వల్లనే మూడు వందల ఏళ్ల తర్వాత విదేశీ మ్యూజియంలలోని కవచాలు, ఆయుధాలు కొన్ని మన సీమ నుంచి పోయినవని పండితులు పోల్చగలుగుతున్నారు. దోచుకుపోయినవాడు లెక్క రాశాడు. వారసులమైన మనం ఇంట్లో ఉన్న కత్తి గురించి ఒక నోటు పుస్తకంలో రెండు వాక్యాలు రాయలేదు. తాత పేరు, ఊరి పేరు, ఎప్పటి నుంచి ఉందన్న మాట, అంతే కావాలి. బతికున్న పెద్దవాళ్లను అడిగితే వచ్చేది. అడగలేదు.

హైదరాబాద్ బార్కస్‌లో హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు కుటుంబాలున్నాయి. నిజాం సైన్యంలో చేరిన ఆ చావూష్‌లు తమ జంబియాలను తెచ్చుకున్నారు. దక్కన్ పనివాళ్లు ఆ వంపునే మన ఉక్కులోనూ చేశారు. అలా అరేబియా, తెలంగాణ ఒకే బాకులో కలిశాయి. మనం సెలవులకు హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం చూస్తాం. గంట కొట్టే గడియారం ముందు కూర్చుంటాం, ముసుగు రెబెకా బొమ్మ చూస్తాం. ఆయుధాల గదిలో పిల్లలకు ఉక్కు గురించి నాలుగు మాటలు చెప్పాల్సింది మనమే. ‘పదండి, లేటవుతోంది’ అని తొందరపెట్టినవాళ్లమూ మనమే.

సాకులు మనకు లేకపోలేదు. 1857 తర్వాత తెల్లవాళ్లు జనం చేతుల్లోంచి ఆయుధాలు లాక్కున్నారు, 1878 ఆయుధాల చట్టంతో ఇంట్లో కత్తి ఉంచుకోవడమే భయమైంది. అటవీ చట్టాలు బొగ్గుకు కట్టెలు దొరకకుండా చేశాయి. విదేశీ చౌక ఇనుము కమ్మరి పొట్ట కొట్టింది. ఇవన్నీ నిజాలే. కానీ అవి మన తాతల తాతలు చెప్పుకోవాల్సిన సాకులు. స్వతంత్ర దేశంలో, నెల తిరిగేసరికి జీతం అందుకుంటూ, ఉక్కు శాస్త్రం చదివిన మనకు అవి అతకవు. పాత కత్తి ఇంట్లో ఉంటే అరిష్టమన్నారు, పోలీసులతో తంటా అన్నారు. తెలుసుకోవాలన్న కోరిక ఉంటే ఈ రెండు భయాలూ ఒక్క సాయంత్రంలో తీరేవి.

అసలు కారణం చెప్పడం కష్టం, అయినా చెప్పాలి. మనం కమ్మరిని చిన్నచూపు చూశాం. తిత్తి ఊదేవాడి పని మోటు పని అనీ, బ్లాస్ట్ ఫర్నేస్ కంట్రోల్ రూమ్‌లో కూర్చునేది శాస్త్రం అనీ అనుకున్నాం. మన చుట్టుపక్కల ఛత్తీస్‌గఢ్ కొండల్లోనే ఇనుము కరిగించే అగరియాలు ఉండేవారు. వెరియర్ ఎల్విన్ 1942లో వాళ్ల మీద ఒక పుస్తకమే రాశాడు. దల్లీ రాజ్‌హరా గనుల నుంచి ఖనిజం తెప్పించుకుని ఉక్కు చేసిన మనం, అలాంటి ఖనిజాన్నే మట్టి కొలిమిలో కరిగించిన మనిషి దగ్గరికి వెళ్లి ‘అన్నా, ఎలా చేసేవాళ్లు?’ అని అడగలేదు. సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజ మాత్రం ఘనంగా చేసుకున్నాం. దేవుడి బొమ్మకు దండ వేశాం, ఆ దేవుణ్ని కులదైవంగా కొలిచే కమ్మరి వీధి చివర కొడవళ్లకు కక్కు పెడుతుంటే తలవంచుకుని ముందుకు పోయాం. మన ఉక్కు జ్ఞానం రెండు ముక్కలైంది అక్కడే. చేతిలో ఉన్న విద్య ఒకరి దగ్గర, పుస్తకంలో ఉన్న విద్య ఇంకొకరి దగ్గర మిగిలిపోయాయి. ఆ రెంటినీ కలపాల్సిన చోట కూర్చున్నది మనం.

పాత వస్తువులు సేకరించే వ్యసనం పెద్దింటి వాళ్లదనీ, మనలాంటి ఉద్యోగులకు ఎందుకనీ కూడా అనుకున్నాం. సేకరణ అంటే కొనుక్కుని గోడకు తగిలించుకోవడం ఒక్కటే అనుకోవడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. ఫొటో తీయడం సేకరణే. కొలతలు రాసుకోవడం సేకరణే. తాత చెప్పిన మాటను తారీఖుతో రాసిపెట్టడం అన్నిటికంటే పెద్ద సేకరణ. వందేళ్లు దాటిన కత్తి 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. ఈ చట్టం తెలిసినవాళ్లు కూడా మనలో తక్కువే. దళారులకు మాత్రం బాగా తెలుసు.

అయిపోయిందని చేతులు దులుపుకోవడానికి లేదు. ఇంకా కొన్ని అటకలు మిగిలే ఉన్నాయి. ఏ ఇంట్లోనైనా పాత కత్తి, బాకు, కటారు బయటపడితే ఎమరీ కాగితం, గ్రైండర్ దాని దగ్గరికి రానివ్వొద్దు. నికెల్ పూత పెట్టించొద్దు. తుప్పును ఆపడానికి మెత్తటి గుడ్డతో పల్చగా మెషిన్ ఆయిల్ చాలు. పూజలో పసుపు, కుంకుమ కత్తి మీద కాకుండా పక్కన పెట్టిన పళ్లెంలో వేయొచ్చు. అమ్మవారు కోప్పడదు. పిడిని, అలుగును, ఒరను వేర్వేరుగా, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. ఎవరిది, ఏ ఊరిది, ఎలా వచ్చిందో తెలుగులో రాయాలి. రాయ్‌పూర్ మహంత్ ఘాసీదాస్ మ్యూజియం మనకు గంట ప్రయాణం. అక్కడి వాళ్లతో గానీ, పురావస్తు శాఖతో గానీ మాట్లాడాలి. మెటలర్జీ చదివి రిటైరైనవాళ్లం మన కాలనీల్లోనే ఎంతోమందిమి ఉన్నాం. నెలకొక పూట పదిమందిమి కూర్చుని, ఊళ్లోని కమ్మరినీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని, వచ్చిన కత్తిని వచ్చినట్టు చూసి రాసిపెట్టగలం. ఈ పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు. ఇన్నేళ్లూ చేయకపోవడానికి మన నిర్లక్ష్యం తప్ప మరో కారణం లేదు.

మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు బెంగళూరులో, డాలస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరు ఏదో మ్యూజియంలో అలల గీతల ఖడ్గం ముందు నిలబడి, కింద రాసిన గోల్కొండ పేరు చదివి, ‘నాన్నా, మీరు ఉక్కు పనిలోనే ఉన్నారు కదా, ఇది మీకు తెలుసా?’ అని ఫోన్ చేసే రోజు వస్తుంది. తెలియదని అంటే అబద్ధం కాదు. కానీ తెలుసుకోవడానికి కావలసిన చదువు, పనిముట్లు, తీరిక అన్నీ ఉండి కూడా తెలుసుకోలేదన్నదే అసలు జవాబు. ఆ జవాబు చెప్పే ధైర్యం మనకుండాలి. చెప్పాక, చేతిలో మిగిలిన ప్రతి కత్తికీ తన ఊరి పేరు తిరిగి ఇప్పించే పని మొదలుపెట్టాలి. అది మనం తీర్చాల్సిన బాకీ.